ల్యాప్‌టాప్ వాళ్లది... నెట్టు మనది!

అడిగి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌ను ఇంట్లోని వైఫైకి కలపడం చూడ్డానికి రెండు నిమిషాల పని. మరి పాస్‌వర్డు సరిగ్గానే కొట్టినా నెట్టు ఎందుకు రాదు? వచ్చాక ఎవరి గుట్టు ఎవరి దగ్గర మిగిలిపోతుంది? తీసుకునేవాళ్లూ ఇచ్చేవాళ్లూ మొహమాటం పక్కనపెట్టి తెలుసుకోవాల్సిన సంగతులివి.

ఎంసెట్ ర్యాంకులొచ్చి వెబ్ ఆప్షన్ల తేదీలు ప్రకటించారంటే చాలు, అపార్టుమెంట్లలో ల్యాప్‌టాప్ ఉన్న ఇంటి కాలింగ్ బెల్ తరచూ మోగుతుంది. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఇంకా ఎంసెట్టే. కాలేజీ కోడూ బ్రాంచి కోడూ చూసుకుంటూ, ఏది ముందు ఏది వెనక అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడుతూ ఆప్షన్లన్నీ వరసలో పేర్చాలి. ఫోన్ తెరమీద ఆ పట్టికను పైకీ కిందికీ జరపడం కష్టం, వేలు తప్పు చోట పడితే వరసే మారిపోతుంది. ఇంటర్నెట్ సెంటర్‌కు వెళితే వెనక నిలబడినవాళ్ల తొందర. అందుకే "అంకుల్, మీ ల్యాప్‌టాప్ రెండ్రోజులు ఇస్తారా? ఆప్షన్లు పెట్టుకుని ఇచ్చేస్తాం" అన్న మాట వినిపిస్తుంది. అంకుల్ కాదనలేరు. ఆయన కాదనలేకపోవడం, వీళ్లు ఇంకేమీ అడగలేకపోవడం... ఈ కథనంలోని చిక్కులన్నీ ఆ రెండింటి మధ్యే ఉన్నాయి.

ఆప్షన్లొక్కటే కాదు. ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అంటే మెడలో టై కట్టుకుని ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి కూర్చోలేరు. ఇంటి నుంచి రాసే జీఆర్ఈని ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో రాయనివ్వరు, కంప్యూటరే కావాలి. సొంత ల్యాప్‌టాప్ సరిగ్గా అవసరమైన వారంలోనే రిపేరుకు వెళుతుంది. అలాంటప్పుడు బాబాయి కొడుకుదో, పైఫ్లోరువాళ్లదో, అద్దెకిచ్చే షాపుదో ఒక ల్యాప్‌టాప్ ఇంటికి వస్తుంది.

ఇలా అడిగి తెచ్చుకోవడం మన దగ్గర ఎంత సహజమో లెక్కలే చెబుతాయి. జాతీయ నమూనా సర్వే 75వ విడతలో, అంటే 2017-18లో, దేశంలోని పల్లెల్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. అదే సర్వేలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న ఇళ్లు పల్లెల్లో 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం. సర్వే చూసిన కంప్యూటర్లలో ల్యాప్‌టాప్‌లతో పాటు ట్యాబ్‌లూ ఉన్నాయి. ఆ తర్వాత కరోనా వచ్చింది, ఫైబర్ వచ్చింది, అంకెలు మారి ఉంటాయి. కానీ నెట్టున్న ఇళ్లకన్నా కంప్యూటరున్న ఇళ్లు బాగా తక్కువన్న తేడా మన వీధుల్లో ఇప్పటికీ కళ్లకు కడుతూనే ఉంది. నెట్టు మనది, ల్యాప్‌టాప్ వాళ్లది అనే పరిస్థితికి మూలం ఇదే.

ఎవరి ల్యాప్‌టాప్?

చేతికొచ్చిన ల్యాప్‌టాప్ ఎక్కడిదన్నదాన్ని బట్టే మిగతా సంగతులన్నీ ఉంటాయి. ఇవి మూడు రకాలు.

చుట్టాలదీ స్నేహితులదీ మొదటి రకం. ఇందులో వాళ్ల ఫొటోలుంటాయి, తెరిచి ఉన్న ఈమెయిల్ ఉంటుంది, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులుంటాయి. కొన్నాళ్లుగా బీరువాలో పడి ఉన్నదైతే పాత విండోస్ ఉంటుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో పోయింది, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 7 మీద గూగుల్ క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. వెబ్‌సైట్లు మాత్రం ఆగలేదు.

రెండోది ఆఫీసు ల్యాప్‌టాప్. చేతిలో ఉన్నది ఉద్యోగి అయినా యజమాని కంపెనీ. తాళాలు కంపెనీ ఐటీ విభాగం దగ్గరే ఉంటాయి. ఇందులో కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతుంది. జీఆర్ఈ లాంటి పరీక్షలకు ప్రత్యేక బ్రౌజర్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి కాబట్టి అన్నయ్య ఆఫీసు ల్యాప్‌టాప్‌ను నమ్ముకుని పరీక్ష తేదీ పెట్టుకోవడం ప్రమాదం.

మూడోది అద్దెది. హైదరాబాద్ అమీర్‌పేట, మాదాపూర్ వైపు రోజులకీ నెలలకీ అద్దెకిచ్చే షాపులున్నాయి. మనకన్నా ముందు దాన్ని ఎందరు వాడారో, మన తర్వాత ఎవరి చేతికి వెళుతుందో తెలియదు. మూడింట్లో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది దీనికే. అయితే ముందువాళ్ల ఆనవాళ్లు తుడిచి ఇచ్చే మంచి షాపు దొరికితే మూడింట్లో తక్కువ తలనొప్పి కూడా దీనితోనే.

కౌంటర్ దగ్గర పుట్టిన వైఫై

ఎవరి ల్యాప్‌టాప్ అయినా ఎవరింటి నెట్టుకైనా కలుస్తుందన్న ధీమా మనకు ఇప్పుడు సహజంగా ఉంది. పాతికేళ్ల కిందట లేదు. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. అప్పుడు టెలిఫోన్ తీగే దారి. ఇంకొకరి కంప్యూటర్ తెచ్చుకుంటే దానికి మోడెం ఉండాలి, ఆ మోడెంకు డ్రైవర్ ఉండాలి, డయల్ చేయాల్సిన నంబరూ యూజర్ ఐడీ అందులో పెట్టుకోవాలి. నెట్టు నడిచినంతసేపూ ఇంటి ఫోన్ ఎంగేజ్.

తీగ లేకుండా కలిపే ఆలోచనకు దారి తీసింది 1985లో అమెరికా ప్రభుత్వ నిర్ణయం. కొన్ని రేడియో తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. ఎన్‌సీఆర్ కంపెనీ నెదర్లాండ్స్ ఇంజినీర్లు దుకాణాల్లో బిల్లు కొట్టే యంత్రాలను తీగల్లేకుండా కలపడానికి దాన్ని పట్టుకున్నారు. అక్కడి ఇంజినీర్ విక్ హేస్ ఆధ్వర్యంలో తయారైన ప్రమాణం 1997లో వచ్చింది. 1999లో దానికి వైఫై అన్న పేరు పెట్టారు. అదే ఏడాది జులైలో న్యూయార్క్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ యాపిల్ ఐబుక్‌లో వెబ్‌సైట్ తెరిచి, తీగేదీ లేదని చూపడానికి ఆ ల్యాప్‌టాప్‌ను ఒక పెద్ద రింగులోంచి దూర్చి చూపించాడు. 2003లో ఇంటెల్ సెంట్రినో రాకతో వైఫై ల్యాప్‌టాప్‌లో మామూలు భాగమైంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను 2005లో లైసెన్సు నుంచి మినహాయించారు. ఏ కంపెనీ ల్యాప్‌టాప్ అయినా ఏ కంపెనీ రూటర్‌తోనైనా మాట్లాడగలుగుతోందంటే కారణం ఈ ఉమ్మడి ప్రమాణమే.

గోడమీది డబ్బా చేసే పని

ఇప్పుడు నెట్టు ఎక్కువగా ఫైబర్ మీద వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ కోసం కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించినప్పుడు నెట్టు, టీవీ, ఫోన్ మూడూ కలిపి 149 రూపాయల ప్యాకేజీ పెద్ద వార్త. తెలంగాణలో టీ-ఫైబర్ కేబుల్‌కు మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాలు దారిచ్చాయి. ప్రైవేటు కంపెనీలూ వీధి కేబుల్ ఆపరేటర్లూ సరేసరి.

ఆ తీగ ఇంట్లో ఒక డబ్బాలో దిగుతుంది. మనం మోడెం అన్నా, రూటర్ అన్నా, బాక్స్ అన్నా ఎక్కువ ఇళ్లలో అదే. దానిమీద ఎల్ఓఎస్ అన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. ఎక్కడో తీగ తెగింది లేదా వంగింది. అప్పుడు ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టి లాభం లేదు, కేబుల్ అబ్బాయికి ఫోన్ చేయాల్సిందే. అందుకే మొదటి చూపు ల్యాప్‌టాప్ మీద కాదు, బాక్స్ మీద పడాలి. ఇంట్లో ఫోన్లకు అదే వైఫైలో నెట్టు వస్తోందా లేదా అన్నది రెండో పరీక్ష. ఫోన్లకు వస్తూ ల్యాప్‌టాప్‌కు రాకపోతే ముందుగా అనుమానించాల్సింది ల్యాప్‌టాప్‌నే.

బాక్స్ చేసే ఇంకో పని కంటికి కనపడదు. ఇంట్లో కలిసిన ప్రతి పరికరానికీ అది ఒక లోపలి చిరునామా ఇస్తుంది. సాధారణంగా 192.168తో మొదలవుతుంది. బయటి ప్రపంచానికి మాత్రం ఇంట్లోని ఫోన్లూ టీవీ ల్యాప్‌టాప్ అన్నీ కలిపి ఒకే చిరునామాగా కనిపిస్తాయి. ఆ చిరునామా ఎవరిదని అడిగితే కంపెనీ రికార్డుల్లో వచ్చేది కనెక్షన్ తీసుకున్నవాళ్ల పేరు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తర్వాత చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతుంది.

పాస్‌వర్డు సరే... నెట్టేదీ?

ఎరువు తెచ్చిన ల్యాప్‌టాప్ ఖాళీగా రాదు. పాత ఇంటి అలవాట్లన్నీ మోసుకొస్తుంది. కొత్త ఇంట్లో అది మొరాయించేది ఎక్కువగా వాటివల్లే.

అన్నిటికన్నా విచిత్రంగా ఇబ్బంది పెట్టేది తేదీ. చాలాకాలం మూలనపడిన ల్యాప్‌టాప్‌లో గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ అయిపోతుంది. స్విచ్చు వేయగానే అది ఏ పదేళ్ల కిందటి జనవరి ఒకటో తేదీనో చూపిస్తుంది. వైఫై కలుస్తుంది, సిగ్నల్ నిండుగా ఉంటుంది, కానీ ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని హెచ్చరిక వస్తుంది. సురక్షితమైన ప్రతి వెబ్‌సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. ల్యాప్‌టాప్ లెక్కలో మనమింకా పాత సంవత్సరంలోనే ఉన్నాం కాబట్టి ఆ పత్రాలన్నీ దానికి చెల్లనివే. తేదీ, సమయం, టైమ్ జోన్ సరిచేస్తే చాలు, అన్నీ తెరుచుకుంటాయి. వైరస్ వచ్చిందని కంగారుపడి ఫార్మాట్ కొట్టించిన సందర్భాల్లో అసలు జబ్బు ఇదే అయ్యుండొచ్చు.

కాలేజీ హాస్టల్ నుంచో ఆఫీసు నుంచో వచ్చిన ల్యాప్‌టాప్‌లో ప్రాక్సీ అన్న సెట్టింగు మిగిలిపోయి ఉంటుంది. అక్కడ నెట్టంతా ఒక సర్వర్ ద్వారా వెళ్లాలి. ఇంటికొచ్చాక కూడా పాపం ఆ సర్వర్ కోసమే వెతుకుతుంది. వైఫై కలిసినట్టే ఉంటుంది, బ్రౌజర్ మాత్రం ప్రాక్సీ సర్వర్ జవాబివ్వడం లేదంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ భాగంలోకి వెళ్లి ప్రాక్సీని ఆఫ్ చేయాలి. అయితే అక్కడున్న వివరాలు ముందుగా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, తిరిగిచ్చేటప్పుడు మళ్లీ అలాగే పెట్టాలి కదా.

చిరునామా గొడవ ఇంకొకటి. బాక్స్ ఇచ్చే చిరునామా తీసుకోకుండా, ల్యాబ్‌లో ఎవరో చేత్తో రాసిపెట్టిన పాత చిరునామాతోనే కొన్ని కంప్యూటర్లు తిరుగుతుంటాయి. దాన్ని ఆటోమేటిక్‌కు మార్చాలి. చిరునామా 169.254తో మొదలవుతోందంటే కథ వేరు. బాక్స్ నుంచి చిరునామా అందక ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట. బాక్స్ ఆపి, కాసేపాగి మళ్లీ వేసి, వైఫైని ల్యాప్‌టాప్‌లో ఒకసారి "ఫర్‌గెట్" చేసి కొత్తగా కలిపితే చాలాసార్లు సర్దుకుంటుంది.

ఫోన్‌లో కనిపించే వైఫై పేరు ల్యాప్‌టాప్‌లో అసలు కనిపించకపోతే తరంగాల తేడా అయ్యుండొచ్చు. ఇప్పటి బాక్స్‌లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలుగా సిగ్నల్ ఇస్తాయి. పేరు చివర 5జీ అని కనిపించేది రెండోది, దానికీ ఫోన్ కంపెనీల 5జీకీ సంబంధం లేదు. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి మొదటిదే వినిపిస్తుంది. రెండోదానికి వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. హాల్లో టీవీ వెనకో ఇనప బీరువా పక్కనో బాక్స్ పెట్టి, వెనక గదిలో ఇంటర్వ్యూకు కూర్చుంటే మధ్యలో బొమ్మ ఆగిపోవడానికి కారణం ఇదే.

అమెరికా నుంచి వచ్చిన అల్లుడుగారి ల్యాప్‌టాప్‌తో ఇంకో చిక్కు ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అక్కడ మామూలుగా వాడేది 11 ఛానెళ్లు. మన దగ్గరి బాక్స్‌లు 13 దాకా వాడగలవు. బాక్స్ 12 లేదా 13లో ప్రసారం చేస్తుంటే అమెరికాలో కొన్న కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఆ వైఫై ఉన్నట్టే తెలియదు. బాక్స్ సెట్టింగులో ఛానెల్‌ను 1, 6, 11లలో ఒకదానికి మారిస్తే అల్లుడుగారి అలక తీరుతుంది.

బాక్స్ లేకుండా కేబుల్ ఆపరేటర్ వైరు నేరుగా కంప్యూటర్‌కే పెట్టే ఇళ్లలో సమస్య మరోలా ఉంటుంది. ప్రతి యంత్రానికీ తయారీలోనే ఇచ్చే మ్యాక్ అడ్రస్ అన్న గుర్తింపు సంఖ్య ఉంటుంది. కొందరు ఆపరేటర్లు మన పాత కంప్యూటర్ సంఖ్యనే తమ దగ్గర నమోదు చేసుకుని, వేరేది పెడితే లోపలికి రానివ్వరు. ఫోన్ చేసి కొత్త సంఖ్య చెబితే మారుస్తారు. వాళ్ల లాగిన్ పేజీ ఒకటుంటే ఆ యూజర్ ఐడీ, పాస్‌వర్డు కూడా దగ్గర పెట్టుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌ల అంచు పలచనైపోయి లావుపాటి ఆ వైరుకు రంధ్రమే ఉండటం లేదు. యూఎస్‌బీ అడాప్టర్ కొనుక్కోవాలి.

ఇవేవీ కుదరకపోతే ఒక దగ్గరి దారుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఇంటి వైఫైకి కలపండి. ఛార్జింగ్ వైరుతో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలా ఫోన్లలో ఇంటి వైఫై నెట్టే వైరు ద్వారా ల్యాప్‌టాప్‌కు అందుతుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. ల్యాప్‌టాప్‌లో వైఫై పరికరమే చెడిపోయినా పని జరుగుతుంది. ఇందులో అంతకన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. మన వైఫై పాస్‌వర్డు ఆ ల్యాప్‌టాప్‌లో అడుగు పెట్టదు.

మన తాళంచెవి వాళ్ల చేతిలో

పాస్‌వర్డు అడుగుపెడితే ఏమవుతుంది? ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తిరిగిచ్చాక కూడా ఆ గుర్తు పోదు. విండోస్ 11లో అయితే దాచుకున్న వైఫై పాస్‌వర్డును సెట్టింగ్స్‌లోనే అక్షరాలా చూడొచ్చు, పాత విండోస్‌లో ఒక చిన్న కమాండ్ చాలు. పైఫ్లోరువాళ్ల ల్యాప్‌టాప్ అయితే అది వాళ్లింట్లోంచే మన నెట్టును అందుకుని, అడగకుండానే కలిసిపోతుంది కూడా. వాళ్లు కావాలని చేయకపోవచ్చు. మన నెట్టు నెమ్మదించిందని మనం కంపెనీవాళ్లను తిడుతూ కూర్చుంటాం.

డేటా ఖర్చుతో పోయేదైతే ఫరవాలేదు. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు టీవీ ఛానెళ్లకు ఒక ఈమెయిల్ వెళ్లింది. దర్యాప్తు చేసినవాళ్లకు చిరునామా నవీ ముంబైలోని ఒక అమెరికన్ ఇంటి కనెక్షన్ దగ్గర తేలింది. ఆయనకు పేలుళ్లతో సంబంధం లేదు, ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. కానీ పోలీసులు ముందుగా తలుపు తట్టింది ఆయనింటిదే. ఆ తర్వాతే, 2009 ఫిబ్రవరిలో, వైఫై వాడకంలో భద్రత గురించి టెలికం శాఖ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. నెట్టు వాడకం రికార్డులను కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధన మార్చారు. రెండు రోజులు ఇంటికొచ్చిన ల్యాప్‌టాప్ మన చిరునామాతో ఏం చేసినా ఆ లెక్కల్లో మన ఖాతా కిందే ఉంటుంది.

దీనికి బాక్స్‌లోనే ఉపాయం ఉంది. చాలా బాక్స్‌లలో గెస్ట్ నెట్‌వర్క్ అన్న సదుపాయం ఉంటుంది. వేరే పేరు, వేరే పాస్‌వర్డు. ఇంటికొచ్చినవాళ్లను వసారాలో కూర్చోబెట్టి మర్యాద చేసినట్టే ఇది, నెట్టు అందుతుంది కానీ ఇంట్లోని ఫోన్లు, ప్రింటరు, సీసీ కెమెరాల దాకా వెళ్లనివ్వదు. పనైపోయాక దాన్ని ఆఫ్ చేసేయొచ్చు, అసలు పాస్‌వర్డు మార్చి ఇంట్లోని పరికరాలన్నిట్లో మళ్లీ కొట్టే శ్రమ ఉండదు. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టడం తెలియకపోతే కేబుల్ అబ్బాయిని అడగండి. బాక్స్ అడ్మిన్ పాస్‌వర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే ఇంకా ఉందేమో కూడా అప్పుడే చూపించుకోండి.

ల్యాప్‌టాప్‌లో కూడా రెండు చిన్న పనులున్నాయి. వైఫై కలిసినప్పుడు నెట్‌వర్క్ రకం పబ్లిక్ అని ఉంచితే, ఇంట్లోని మిగతా పరికరాలకు అది తనను తాను చూపించుకోదు. ఫోన్ డేటాతో నడుపుతుంటే మీటర్డ్ కనెక్షన్ అన్నదాన్ని ఆన్ చేయాలి. నెలల తరబడి మూసి ఉన్న ల్యాప్‌టాప్ నెట్టు చూడగానే పెండింగ్ అప్‌డేట్లన్నీ దించుకోవడం మొదలుపెడుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఆప్షన్ల పేజీ తెరవకముందే అయిపోతుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే...

2020 మార్చి 13న టెలికం శాఖ ఐటీ, బీపీఓ కంపెనీలకు ఇంటి నుంచి పని చేసుకోవడానికి నిబంధనలు సడలించాక, ఆఫీసు ల్యాప్‌టాప్‌లు హైదరాబాద్ గచ్చిబౌలి నుంచి గోదావరి పల్లెల దాకా ప్రయాణం చేశాయి. ఆ అలవాటు అలాగే మిగిలింది. ఇంట్లో పిల్లల ప్రాజెక్టు పనికీ, మరదలు పిల్ల ఆప్షన్లకూ అదే ల్యాప్‌టాప్.

ఇక్కడ తెలుసుకోవాల్సింది వీపీఎన్ సంగతి. ఆఫీసు ల్యాప్‌టాప్ మన వైఫైకి కలిశాక కంపెనీ దాకా ఒక రహస్య దారి వేసుకుంటుంది. ఆ దారిలో వెళ్లేదంతా బాక్స్‌కు కనపడదు, కంపెనీకి కనపడొచ్చు. కొన్ని కంపెనీలు తమ సొంత ధ్రువపత్రాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టి, బ్రౌజర్‌లో తాళం గుర్తున్న సైట్లను కూడా మధ్యలో తెరిచి చూస్తాయి. కాబట్టి ఆ ల్యాప్‌టాప్‌లో మరదలు పిల్ల తన బ్యాంకు ఖాతా తెరవడం మంచిది కాదు. అన్నయ్యకు ఉద్యోగ నిబంధనల ఉల్లంఘన చిక్కు ఉంటుంది. కొన్ని కంపెనీలు ల్యాప్‌టాప్‌ను దేశం దాటించడానికీ ముందస్తు అనుమతి అడుగుతాయి. సెలవుకు వచ్చినవాళ్లు ఇక్కడ వైఫై కలిపినా ఆఫీసు సర్వర్ లోపలికి రానివ్వకపోవడానికి అదీ ఒక కారణం.

ఇంటి నెట్టులో ఏముందన్నది కంపెనీలకూ ముఖ్యమే. పాస్‌వర్డులు దాచిపెట్టే లాస్ట్‌పాస్ కంపెనీలో 2022లో జరిగిన చోరీలో దొంగలు ఒక ఇంజినీర్ ఇంటి కంప్యూటర్ ద్వారా దూరారు. అందులోని మీడియా సాఫ్ట్‌వేర్ లోపం వాళ్లకు దారిచ్చిందని కంపెనీయే ప్రకటించింది. అన్నయ్య "ఆఫీసుది ఇవ్వలేనురా" అంటే అది పిసినారితనం కాదని గ్రహించాలి.

తిరిగిచ్చే ముందు

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. ల్యాప్‌టాప్ విషయంలో ఆ బరువు తిరిగిచ్చాక మొదలవుతుంది.

వాట్సాప్ వెబ్ తెరిచి ఫైళ్లు పంపుకున్నారా? ఫోన్‌లో లింక్‌డ్ డివైసెస్‌లోకి వెళ్లి ఆ ల్యాప్‌టాప్‌ను లాగౌట్ చేయాలి. బ్రౌజర్ మూసేస్తే సరిపోదు. ఆప్షన్ల సైట్‌లోంచి, ఈమెయిల్‌లోంచి, డిజీలాకర్‌లోంచి బయటకు రావాలి. బ్రౌజర్ "పాస్‌వర్డు దాచమంటారా" అని అడిగినప్పుడు తొందరలో అవునన్నారేమో చూసి తీసేయాలి. మొదటి నుంచీ గెస్ట్ విండోలోనో ఇన్‌కాగ్నిటోలోనో పని చేసి ఉంటే ఈ శ్రమ చాలా తగ్గుతుంది.

అందరూ మరిచిపోయేది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం, రెజ్యూమె, ఆధార్ అన్నీ అక్కడే పడి ఉంటాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉంటుందిగా అనుకోవద్దు. పేరులోని మొదటి నాలుగు ఆంగ్ల అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డు. మన పేరూ వయసూ తెలిసిన ఎవరైనా తెరవొచ్చు. ఫైళ్లు తీసేశాక రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. ఆఖరుగా మన వైఫైని "ఫర్‌గెట్" కొట్టి, మార్చిన ప్రాక్సీనీ చిరునామానూ ఎలా ఉన్నవి అలా పెట్టి, పెన్‌డ్రైవ్ తీసుకుని, ఛార్జర్‌తో సహా ఇవ్వాలి. ఏదైనా మరిచిపోయామని తర్వాత తట్టినా భయం లేదు. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో ఏ యంత్రాల్లో లాగిన్ అయి ఉన్నామో జాబితా ఉంటుంది. ఇంట్లో కూర్చునే బయటకు పంపొచ్చు.

ఇచ్చేవాళ్ల వైపు నుంచి

అడగ్గానే ఇచ్చినవాళ్ల ల్యాప్‌టాప్‌లో వాళ్ల బతుకంతా ఉంటుంది. అడ్మిన్ అధికారాలు లేని వేరే యూజర్ ఖాతా ఒకటి తెరిచి ఆ పాస్‌వర్డు మాత్రమే ఇస్తే అవతలివాళ్లకు పని జరుగుతుంది, మన ఫైళ్లు మనకుంటాయి. పని ముగిశాక ఆ ఖాతాను తీసేస్తే దానితోపాటు వాళ్ల డౌన్‌లోడ్లూ లాగిన్లూ పోతాయి. కంప్యూటర్ మొత్తానికి పెట్టిన మార్పులు, దాచుకున్న వైఫై మాత్రం విడిగా చూసుకోవాలి.

ఇది చేయకపోవడానికి తెలియకపోవడం సగం కారణమైతే, మిగతా సగం మొహమాటం. వేరే ఖాతా తెరిచి ఇస్తే "మమ్మల్ని నమ్మలేదు" అనుకుంటారేమోనని ఇచ్చేవాళ్ల బెంగ. గెస్ట్ పాస్‌వర్డు ఇస్తే ఏమనుకుంటారోనని నెట్టువాళ్ల బెంగ. ఇంటర్నెట్ సెంటర్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ల కంప్యూటర్ దగ్గర తీసుకున్నంత జాగ్రత్త కూడా అయినవాళ్ల ల్యాప్‌టాప్ దగ్గర తీసుకోం. అందుకే ఆ మాట అడిగేవాళ్ల నోటి నుంచే ముందు రావాలి. "అంకుల్, మాకు వేరే యూజర్ ఒకటి పెట్టివ్వండి, మీ ఫైళ్ల జోలికి మేం వెళ్లక్కర్లేదు" అని పిల్లలు అంటే అంకుల్‌కు మొహమాటం పోతుంది, వాళ్ల ఆధార్ కూడా ఆయన డౌన్‌లోడ్స్‌లో మిగలదు. ఈసారి కౌన్సెలింగ్‌కు పిల్లలకు కాలేజీ కోడ్‌లతో పాటు ఈ ఒక్క వాక్యం కూడా నేర్పించి పంపండి.